కారు పందెములో చోదక చక్రములు : క్షేమ విచారము

మోటారు పందెమనగానే ప్రాణములకు తెగించిన సాహసమని తలంతుము. కాని సామాన్యులు తమ సొంత కార్లతోనే పాల్గొనదగిన పందెమొకటి కలదు. దాని పేరు ఆటోక్రాస్. 1944లో ఏర్పడిన అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ దీనిని ‘సోలో’ అను పేర నిర్వహించుచున్నది. విశాలమైన ఖాళీ స్థలమున ప్లాస్టిక్ కోన్లు నిలిపి, మలుపుల దారి ఏర్పరతురు. ప్రతి కారు విడిగా పరుగెత్తి కాలముతో పోటీపడును. శిరస్త్రాణము తప్పనిసరి. వేగము సాధారణముగా రహదారి వేగములను మించదు.

ఇట్టి పందెమునకు ఏ కారు క్షేమకరము? ఇంజను శక్తిని ముందు చక్రములకు అందించునదా, వెనుక చక్రములకు అందించునదా, నాల్గింటికి అందించునదా? సమాధానము భౌతికశాస్త్రమున కలదు.

మలుపు తిరుగునపుడు కారును దారిలో నిలుపునది టైరుకు, నేలకు నడుమ గల ఘర్షణయే. అందుకు కావలసిన అభికేంద్ర బలము వేగపు వర్గమునకు అనుపాతముగా పెరుగును. గంటకు 50 కి.మీ. వేగము 60 అయినచో పెరిగినది 20 శాతమే. కాని కావలసిన బలము 44 శాతము పెరుగును. టైరు ఇయ్యగల ఘర్షణకు హద్దు కలదు. మలుపునకు, బ్రేకునకు, త్వరణమునకు ఆ ఒక్క మూలధనము నుండియే వ్యయము చేయవలెను.

1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ, మన దేశమున 1983లో వెలువడిన మారుతి 800 ముందు చక్రములతో నడచునవి. కారును లాగుట, త్రిప్పుట రెండును ముందు టైర్ల పనియే. భారము మించినచో అవియే మొదట జారును. కారు తిరుగక తిన్నగా పోజూచును. యాక్సిలరేటరు మెల్లగా తగ్గించినచో సాధారణముగా పట్టు మరల చిక్కును. కనుక క్రొత్తవారికి ఇది అనుకూలము. అయినను మలుపు నడుమ కాలు తటాలున తీసినచో బరువు ముందుకు ఒరిగి, వెనుక టైర్లు తేలికపడి, ఈ కారును వెనుకవైపు జారవచ్చును.

అంబాసిడర్ వంటి కార్లలో వెనుక చక్రములు నెట్టును, ముందువి త్రిప్పును. పని పంచబడినది కాని, మలుపులో శక్తి ఎక్కువైనచో వెనుక భాగము జారి కారు బొంగరమువలె తిరుగును. అపుడు వెనుక భాగము జారిన దిక్కునకే స్టీరింగు త్రిప్పవలెను. దీనికి అభ్యాసము అవసరము.

ఇంజను కూడ వెనుకనే ఉన్న షెవ్రొలే కార్వేర్ చరిత్ర గమనింపదగినది. 1960 నాటి ఈ కారు నిర్మాణ లోపములను రాల్ఫ్ నేడర్ 1965లో తన గ్రంథమున తీవ్రముగా విమర్శించెను. 1972లో వెలువడిన అమెరికా ప్రభుత్వ నివేదిక మాత్రము ఆనాటి సాటి కార్లకంటె అది అధిక ప్రమాదకరము కాదని తేల్చెను. నిర్మాణ భేదమును మాత్రమే చూచి తీర్పు చెప్పుట ఎంత కష్టమో దీనివలన తెలియును.

1980లో వచ్చిన ఆడి క్వాట్రోతో నాలుగు చక్రముల చోదనము ప్రసిద్ధి కెక్కెను. ఇది తడినేలపై కూడ కారును చక్కగా కదిలించును. కాని బ్రేకు వేయునపుడు ప్రతి కారుకును నాలుగు టైర్లే ఆధారము కదా! సులభముగా వేగమందుకొన్న కారు అంతే సులభముగా ఆగునని నమ్ముట పొరపాటు.

బోల్తాపడుట మరొక ప్రమాదము. దీనికి చోదక చక్రములకంటె గరిమనాభి ఎత్తు, చక్రముల నడుమ వెడల్పు ముఖ్యములు. ఎత్తుగా, ఇరుకుగా ఉన్న వాహనము, టైర్ల పట్టు బలముగా ఉన్నచో, జారుటకు మారుగా ఒరిగి పడగలదు. అందుచేతనే ఆ క్లబ్ నియమములు అట్టి వాహనములను అనుమతింపవు.

కావున చోదక విధానము ప్రమాదమును తొలగింపదు. కారు ఏ వైపు నుండి ముందు జారునో మాత్రమే నిర్ణయించును. ఆటోక్రాస్ క్షేమమునకు మూలము స్థలము. జారిన కారు గోడనుగాని, స్తంభమునుగాని, చూపరులనుగాని తాకక, కోనును మాత్రమే పడగొట్టి ఆగునంత ఖాళీ అచ్చట విడుతురు. కోను పడినచో రెండు సెకన్ల శిక్ష, అంతతో సరి. రహదారిపై కోనులుండవు, మనుష్యులుందురు. విద్యార్థులారా, ఏ కారు నడిపినను ఈ భేదము మరువరాదు. కారు హద్దులు తెలిసికొనుటకు తగిన స్థలము వీధి కాదు.