పలకని అక్షరం

చదువుకునే పిల్లలున్న ఇంట్లో డిక్టేషను నోటుబుక్కు సంగతి వేరే చెప్పనక్కర లేదు. ఎర్రసిరా గీతలు లేకుండా ఆ పుస్తకం ఇల్లు చేరదు. మొన్న ఏడవ తరగతి చదివే మా అబ్బాయి తెచ్చిన పుస్తకంలో పది మాటలకు నాలుగు తప్పులు. నాలుగూ ఒకే రకం. రిస్ట్, ర్యాప్, రాంగ్, రింకిల్ అనే మాటలకు ముందుండవలసిన డబ్ల్యూ విడిచిపెట్టి, ఆర్‌తోనే మొదలుపెట్టాడు.

మాకు కోపం వచ్చింది. ఒక్కొక్క మాట యాభైసార్లు వ్రాయమన్నాము. వాడు ఏడుపు ఆపుకొని, "పలకని అక్షరం ఎందుకు వ్రాయాలి నాయనా?" అని అడిగాడు. "ఎదురు మాట్లాడకు" అన్నాము. నిజం చెప్పవలెనంటే, జవాబు మాకూ తెలియదు. మేము మెట్రిక్యులేషను వరకు ఆ మాటలను దెబ్బలతో నేర్చుకున్నవారమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నోటులో ర్యాపర్ అనే మాటకు డబ్ల్యూ మరిచితే, పై అధికారి దానిని నలుగురిలో చదివి నవ్వాడు. ఆ నవ్వు ఈనాటికీ మా చెవిలో వుంది. కొడుకు మీద వచ్చిన కోపంలో సగం దానిదే కాబోలు.

కూర తరుగుతున్న మా అమ్మ ఇదంతా వింటున్నది. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. "ఏరా, నీ చెల్లెలి శుభలేఖలో 'వ్రాయు శుభలేఖార్థములు' అని వకారంతో అచ్చు వేయించావు. చదివేటప్పుడు 'రాయు' అని చదివావు. ఆ వకారం ఎక్కడికి పోయింది? నిన్నెవరైనా యాభైసార్లు వ్రాయించారా?" అన్నది.

ఆ రాత్రి నిఘంటువు దించి కూర్చున్నాము. తెలిసిన సంగతులు చదువరులకు కూడా పనికివస్తాయని వ్రాస్తున్నాము.

వెయ్యేళ్ళ క్రిందట ఇంగ్లీషువారు ఆ డబ్ల్యూను నోరారా పలికేవారు. పలుకుబడిలో అది క్రమంగా జారిపోయింది, వ్రాతలో నిలిచిపోయింది. నిలవడం మంచిదే అయింది. డబ్ల్యూ, ఆర్ జంటగా మొదలయ్యే చిన్న మాటలలో చాలావాటికి మెలి, వంకర, చుట్టు అనే అర్థమే వున్నది. రిస్ట్ అంటే మణికట్టు, చెయ్యి తిరిగే చోటు. రింగ్ అంటే తడిబట్ట పిండడం. డబ్ల్యూ తీసివేస్తే అదే ఉంగరం అవుతుంది. ర్యాప్ అంటే చుట్టడం. డబ్ల్యూ లేకుంటే తట్టడం. రింకిల్ ముడత. రీత్ గుండ్రంగా చుట్టిన పూలచక్రం. రెంచ్ నట్టు తిప్పే పనిముట్టు. రెజిల్ అంటే ఒకరినొకరు మెలివేసే కుస్తీ. రై అంటే వంకర; ఒక పక్కకు లాగిన మూతిని ఆ మాటతోనే చెబుతారు.

అన్నిటికన్న మాకు నచ్చినది రాంగ్. దానికి మొదటి అర్థం వంకర. దానికి ఎదురుమాట రైట్‌కు మొదటి అర్థం తిన్నన. మనమూ తిన్నని నడవడి, వంకర బుద్ధి అనే అంటాము గదా!

ఈ సంగతి కొత్తగా కనిపెట్టినది కాదు. ఆక్స్‌ఫర్డులో గణితాచార్యుడైన జాన్ వాలిస్ 1653లో లాటిను భాషలో ఇంగ్లీషు వ్యాకరణం వ్రాసి, అందులో ఇటువంటి జంటలను చూపించాడు. ఎస్, ఎన్ జంట ముక్కుకు సంబంధించినదని కూడా ఆయన గమనించాడు. స్నీజ్ తుమ్ము, స్నోర్ గురక, స్నఫ్ ముక్కుపొడుము. తెలుగులో మాత్రం లేవా? వంగు, వంచు, వంపు, వంకర, వంకీ. మినుకు, మిణుగురు, మిలమిల. మొదటి అక్షరం వినగానే అర్థం సగం తెలుస్తుంది.

అయితే ప్రతి మాటా ఈ లెక్కకు లొంగదు. రైట్, అనగా వ్రాయడం, డబ్ల్యూతో మొదలైనా మెలి కాదు. దాని పాత అర్థం గీరడం. మన పెద్దలు తాటాకు మీద గంటంతో చేసిన పనీ అదే. మన వ్రాయు కథ వేరు. దాని చుట్టం అరవంలో వరై, అనగా గీయడం. మా అబ్బాయి బడిపుస్తకంలో దేశపటాన్ని వరైపడం అనే అంటారు. అరవంలో నిలిచిన వకారం మన నోట జారిపోయి, వ్రాతలో మిగిలింది. ఇంగ్లీషు మాటకూ మన మాటకూ చుట్టరికం లేదు గాని, రెండింటికీ పట్టిన గతి ఒక్కటే.

మరునాడు సాయంత్రం మా అబ్బాయి చేతికి తడి తువ్వాలు ఇచ్చి పిండమన్నాము. మణికట్టు తిరిగింది, తువ్వాలు మెలిపడింది, బట్ట మీద ముడతలు తేలాయి. మూడు మాటలూ, మూడు డబ్ల్యూలూ ఒక్కసారే వాడికి పట్టుబడ్డాయి. యాభైసార్ల శిక్ష రద్దు చేశాము.

తరువాతి వారం డిక్టేషనులో ఆ నాలుగూ సరిగా వ్రాశాడు. కాని రోప్ అనే మాటకు కూడా డబ్ల్యూ తగిలించి ఒక మార్కు పోగొట్టుకున్నాడు. "తాడు మెలివేసినదే గదా నాయనా" అని వాడి వాదన. ఈసారి మాకు కోపం రాలేదు, నవ్వు వచ్చింది. వాడికి తప్పు దొర్లినది ఆలోచించడం వల్ల గదా!

ఇంకొక మాట. మావాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడే గాని అక్షరాలు రావు. ఆ లోపం మాదే. డబ్ల్యూ కోసం యాభైసార్లు వ్రాయించబోయిన మేము, వకారం కోసం ఒక్కసారైనా పలక పట్టించలేదు. ఇప్పుడు రాత్రి భోజనమయిన తరువాత వాడు అవ్వ దగ్గర కూర్చొని 'వ్ర' దిద్దుతున్నాడు. ఆమె "రాయరా" అంటున్నది. వాడు 'వ్రాయి' అని వ్రాస్తున్నాడు.