480 కుట్లకు కూలి ఎంత?

అంచంతా సన్నటి తోలువారుతో అల్లిన బెల్టును పట్నం దుకాణంలో చూసి మెచ్చుకోనివాళ్లుండరు. ఆ కుట్లు లెక్కపెట్టిందెవరు? మనం పెడదాం.

నలభై అంగుళాల బెల్టు. అంగుళానికి ఆరు చొప్పున రెండంచులకూ 480 కుట్లు. చేతికుట్టుకు దారం ఒకటే, రెండు కొసలా రెండు సూదులు. ఆరెతో బెజ్జం పొడవాలి, రెండు సూదులూ ఎదురెదురుగా అందులోనే దూర్చాలి, రెండు చేతులా బిగలాగాలి. అంటే 960 సార్లు సూది దూర్చడం! మిషను కుట్టు ఒకచోట తెగితే వరసగా ఊడొస్తుంది. చేతికుట్టు ఒకటి తెగినా పక్కది పట్టుకునే వుంటుంది. ఎద్దుల మెడపట్టీలు కుట్టినోళ్లకు ఇది మేం చెప్పనక్కర్లేదు.

ఇక అల్లిక. గుండ్రటి తోలుముక్కను అంచునుంచి చుట్టూ కోసుకుంటూ పోతే అతుకులేని పొడవాటి తోలువారు వస్తుంది. చెయ్యి వణికిందా, ముక్క పాడు. మామూలు చుట్టుకుట్టుకే అంచుకు మూడింతల పొడవు పడుతుంది.

వెనక తెలంగాణలో మాదిగలు దొరలకు చెప్పులు వెట్టికి కుట్టిపెట్టారు. వెట్టిని నిషేధిస్తూ 1976లో చట్టమొచ్చింది. సాదా బెల్టుకూ అల్లిక బెల్టుకూ ఒకటే రేటు కట్టే షావుకారుకు మనం ఈ లెక్కే చూపించాలి. అల్లికకు వేరే కూలి అడగాలి. కోతలో పాడైన తోలు ఖర్చు అతనిదే కావాలి.