సబ్బు కొంటే సాయం చేసినట్టేనా?

జుమా నమాజు ముగించుకుని మస్జిద్ మెట్లు దిగుతున్నాను. మా మొహల్లాలో కిరాణా కొట్టు నడిపే ఆయన చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. ముందురోజు కొందరు కుర్రవాళ్లు సెల్‌ఫోన్లో వచ్చిన ఒక జాబితా చూపించి, అందులోని కంపెనీల సబ్బులు, కూల్‌డ్రింకులు కొట్లో కనిపిస్తే గడప తొక్కబోమని చెప్పి వెళ్లారట.

“మౌల్వీ సాబ్! రంజాన్ గిరాకీ కోసం అప్పు చేసి సరుకు దింపాను. రొక్కం ముందే కట్టేశాను. ఇప్పుడిది అమ్మితే నేను జాలిమ్‌కు తోడ్పడినట్టేనా?” అని అడిగాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ మాటకు అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి కితాబులు తిరగేశాను. నాకు అర్థమైనంతలో చెబుతాను.

కొనుగోలు వేరు, సమర్థన వేరు

మొట్టమొదట మన ముందున్నది దైవప్రవక్త (స) ఆచరణ. ఆయన పరమపదించే నాటికి ఆయన యుద్ధ కవచం ఒక యూదుని వద్ద కుదువలో ఉందని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఇంటివారి కోసం తీసుకున్న 30 ‘సా’ల యవలకు అది తాకట్టు. ‘సా’ అంటే ఆనాటి ధాన్యపు కొలత. విశ్వాసాల్లో తేడా గానీ, మదీనాలో అంతకు ముందు జరిగిన ఘర్షణలు గానీ ఆ లావాదేవీకి అడ్డు రాలేదు. ధాన్యం కొన్నంత మాత్రాన అమ్మినవాని మాటలన్నిటికీ ఔనన్నట్టు కాదని దీనివల్ల తెలుస్తోంది.

అయితే ఇంతటితో చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. మంచిలో, దైవభీతిలో ఒకరికొకరు తోడ్పడాలనీ, పాపంలో, దౌర్జన్యంలో తోడ్పడరాదనీ దివ్యఖురాన్ మాయిదా సూరాలో ఆదేశించింది. మరి తోడ్పాటు ఎక్కడ మొదలవుతుంది?

దీనిపై మన ఫుఖహాలు (ధర్మశాస్త్రవేత్తలు) లోతుగా చర్చించారు. ద్రాక్షరసాన్ని సారా కాచేవాడికి, ఆ సంగతి తెలిసీ అమ్మవచ్చునా అన్నది వారి ముందుకు వచ్చిన ప్రశ్న. అమ్మవచ్చునన్నారు ఇమాం అబూ హనీఫా. పాపం ఆ రసంలో లేదు, అది మారిన తర్వాతే పుడుతుంది, మార్చేది మరొకడు అన్నది దానికి చెప్పిన కారణం. ఇమాం అహ్మద్ మార్గీయులు మాత్రం తెలిసీ అమ్మడం తగదన్నారు. కానీ అల్లర్లు రేగిన కాలంలో అల్లరిమూకకు ఆయుధం అమ్మడాన్ని హనఫీ పండితులు కూడా తప్పుపట్టారు. ఎందుకంటే అక్కడ ఆయుధమే పాపానికి పనిముట్టు.

వారు చెప్పింది అమ్మేవాని గురించే అయినా, కొనేవాడికీ ఆ తూకమే పనికొస్తుంది. మన పనికీ, జరిగే అన్యాయానికీ మధ్య దూరమెంత? ఆ సంగతి మనకు ఎంతవరకు తెలుసు? సబ్బుకు ఇచ్చే రూపాయి కూలీ జీతానికి, లారీ కిరాయికి, పన్నులకు, కొట్టువాని లాభానికి పోగా మిగిలిందే యజమానికి చేరుతుంది. ఆ రూపాయికీ, ఎక్కడో తీసుకున్న నిర్ణయానికీ దూరం చాలా ఉంది. ఆ కంపెనీ అమ్మే సరుకే హాని చేస్తుంటే మాత్రం ఆ దూరం తరిగిపోతుంది.

తల్లిపాల ఉదంతం

పాలపొడి డబ్బాల సంగతే చూడండి. ప్రసూతి వార్డుల్లో ఉచితంగా డబ్బాలు పంచి, పేదదేశాల తల్లులకు డబ్బాపాలు అలవాటు చేస్తున్నారన్న విమర్శ 1970లలో స్విట్జర్లాండుకు చెందిన నెస్లే, తదితర కంపెనీలపై వచ్చింది. కొన్నాళ్లు డబ్బాపాలు పడితే తల్లికి పాలు తగ్గిపోతాయి. తర్వాత పొడి కొనే స్తోమత లేక పలచగా కలుపుతారు, శుభ్రంలేని నీళ్లు పోస్తారు. బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. బిడ్డకు నిండా రెండేళ్లు పాలివ్వమని ఖురాన్‌లో చదివే మనకు ఇది పరాయి విషయం కాదు.

1977లో అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణ మొదలైంది. వారి కోరిక ఒక్కటే, ఆ అమ్మకపు పద్ధతులు మానాలని. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ పాలపొడి ప్రచారంపై ఒక నియమావళిని 118 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించింది అమెరికా ఒక్కటే. 1984లో కంపెనీ ఆ నియమావళిని పాటిస్తానని ఒప్పుకోగానే బహిష్కరణ ఆపారు. ఆసుపత్రులకు ఉచిత సరఫరా సాగుతోందంటూ 1988లో మళ్లీ మొదలుపెట్టారు. మన దేశంలోనూ 1992లో శిశువుల పాలపొడి ప్రకటనలను నిషేధిస్తూ చట్టం వచ్చింది.

ఆ ఉద్యమకారులు తప్పు ఫలానా అని రుజువులతో చూపించారు. మారితే ఆపుతామన్నారు, మాట ప్రకారం ఆపారు. అటువంటి బహిష్కరణ జరుగుతున్నదని తెలిసీ పట్టించుకోకుండా కొనడం, తెలియక కొనడం రెండూ ఒకటి కావు.

ఏం చేశాడని చూడాలి

బహిష్కరణ బాధ ఎలా ఉంటుందో ఈ ఉమ్మత్‌కు తెలుసు. మక్కాలో ఖురైషులు బనూ హాషిమ్‌తో క్రయవిక్రయాలు మానేస్తే, షిఅబె అబీ తాలిబ్ లోయలో మూడేళ్లు ఆకులు తిని గడపవలసి వచ్చింది. 2022లో కర్ణాటక తీర ప్రాంతంలో కొన్ని జాతరల్లో ముస్లిం చిరువ్యాపారులను దుకాణాలు పెట్టనివ్వలేదు. వారు చేసిన తప్పేమిటి? మనిషి ఏం చేశాడని కాక, ఎవరని చూసి కొనడం మానేస్తే అది జుల్మ్ అవుతుంది.

న్యాయమైన బహిష్కరణకూ హద్దు ఉంది. యమామా నాయకుడు సుమామా (రజి) ఇస్లాం స్వీకరించాక, దైవప్రవక్త (స) అనుమతి లేనిదే మక్కాకు ఒక్క గోధుమ గింజ కూడా పోనివ్వనని ప్రమాణం చేశారు. మక్కావాసులు ఆకలితో అలమటించారు. బంధుత్వం గుర్తుచేస్తూ ప్రవక్త (స)కు లేఖ రాశారు. నిన్నటిదాకా తనను వెలివేసిన ఆ ఊరికి ధాన్యం వదలమని ఆయన కబురు పంపారు.

మరునాడు ఆ కొట్టుకు వెళ్లి, “భాయ్! ఉన్న సరుకు నిశ్చింతగా అమ్ముకో. కంపెనీకి చేరవలసిన డబ్బు ఎప్పుడో చేరింది. ఇప్పుడు పారబోస్తే నష్టం నీ పిల్లలకే. తర్వాత ఏం తెప్పించాలో విచారించి నిర్ణయించుకో” అన్నాను. కుర్రవాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టాను. జాబితాలోని ఒక్కొక్క పేరుకు రుజువు అడిగితే, సగానికి వారి వద్ద జవాబు లేదు. “నిజమని తేలినవి మీరు కొనకండి, మీ నియ్యత్‌కు అల్లాహ్ ప్రతిఫలమిస్తాడు. తప్పేమిటో రాసి కంపెనీకి ఉత్తరం పంపండి. పక్కవాడు కొన్నాడని వాడి ఈమాన్‌ను తూచకండి” అన్నాను.

వారు తల ఊపారు. వారిలో ఒకడు వెళ్తూ వెళ్తూ అదే కొట్లో కిలో ఖర్జూరాలు కొనుక్కుని వెళ్లాడు.