రీఫండ్‌తో వచ్చిన వడ్డీకి కూడా పన్ను కట్టాలా?

గన్నవరం నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడ కేసరపల్లి ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. "అన్నా, నాకు రావాల్సిన రీఫండ్ 20,000. అకౌంట్లో 20,900 పడింది. ఆ 900 ఏంటి? దానికీ పన్ను ఉంటుందా?"

ఉంటుంది. ఎందుకో చూద్దాం.

ముందు ఆ 20,000 సంగతి. అది మీ జీతంలోంచి టీడీఎస్ కింద ఎక్కువగా కోసిన డబ్బు. మీ సొమ్ము మీకే తిరిగొచ్చింది కాబట్టి అది ఆదాయం కాదు, దానికి పన్ను లేదు.

మిగతా 900 మాత్రం వడ్డీ. మీ డబ్బు ఇన్ని నెలలు ప్రభుత్వం దగ్గర ఉన్నందుకు ఆదాయపు పన్ను చట్టం కింద ఇస్తారు. నెలకు అర శాతం. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెల కిందే లెక్క. గడువులోపు రిటర్న్ వేస్తే, ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తారు. డిసెంబర్లో రీఫండ్ వస్తే 9 నెలలు, అంటే 4.5 శాతం. 20,000కి సరిగ్గా 900. గడువు దాటాక వేస్తే, వేసిన రోజు నుంచే వడ్డీ. రీఫండ్ మీ అసలు పన్నులో 10 శాతం కన్నా తక్కువైతే వడ్డీ రాదు.

బ్యాంకు డిపాజిట్ వడ్డీ లాగే ఇదీ "ఇతర వనరుల ఆదాయం". చాలామంది పొరబడేది ఎక్కడంటే, ఈ వడ్డీ మీద టీడీఎస్ కోయరు. మొత్తం చేతికొస్తుంది కదా, పన్ను లేదేమో అనుకుంటారు. సేవింగ్స్ వడ్డీకి ఉండే మినహాయింపు కూడా దీనికి వర్తించదు.

20 శాతం స్లాబులో ఉంటే 900కి పన్ను 180, సెస్సుతో కలిపి సుమారు 187 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ ఈ వడ్డీ మీ ఏఐఎస్‌లో కనిపిస్తుంది. రిటర్న్‌లో చూపకపోతే లెక్క తేడా వచ్చి, డిపార్ట్‌మెంట్ నుంచి మెసేజో నోటీసో రావచ్చు.

ఏం చేయాలి? వడ్డీ ఏ ఆర్థిక సంవత్సరంలో చేతికొచ్చిందో ఆ ఏడాది రిటర్న్‌లో చూపించాలి. డిపార్ట్‌మెంట్ పంపే ఇంటిమేషన్‌లో రీఫండ్ ఎంత, వడ్డీ ఎంత అని విడివిడిగా ఉంటుంది. ఆ వడ్డీ అంకె ఏఐఎస్‌తో సరిపోల్చుకుని వేయండి. ఇప్పటికే రిటర్న్ వేసేసి ఇది మర్చిపోయారా? గడువు ఉంటే రివైజ్డ్ రిటర్న్ వేసేయండి.

డౌట్లుంటే కామెంట్లో అడగండి. పాన్ నంబర్, ఓటీపీ మాత్రం అక్కడ పెట్టకండి. ఉంటా మరి!