వైస్ ఛాన్సలరు: ముందున్న మాట

తార్నాక చౌరస్తానుండి ఉస్మానియా విశ్వవిద్యాలయమువైపు నడచుచుండగా, మా వెంట వచ్చిన బాలుడొకడు ఒక సందేహము వెలిబుచ్చెను. వాని నిఘంటువులో 'వైస్' అనగా దుర్గుణమని యున్నదట. అంత పెద్దవారి హోదాకు ముందు ఆ మాట యేల? మేము నవ్వితిమి గాని వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేసిన పిమ్మట తేలిన సంగతులను మనవి చేయుచున్నాము.

ఆంగ్లమున ఈ యొక్క రూపముతోనే మూడు మాటలు కలవు. మూడింటి పుట్టిల్లు లాటిన్ భాషయే. కుదుళ్లు మాత్రము వేరు. దుర్గుణార్థకము 'విటియుం' నుండి వచ్చినది. దానికి లోపమని యర్థము. కర్మాగారములలో ఇనుపముక్కను బిగించి పట్టు వైస్ 'విటిస్' నుండి, అనగా ద్రాక్షతీగెనుండి, ఫ్రెంచి మీదుగా వచ్చినది. మెలికలు తిరుగు తీగెకును మరకును గల పోలికయే కారణము.

బాలుని చిక్కు తీర్చునది మూడవది. లాటిన్‌లో 'వికే' అనగా 'బదులుగా'. రాజునకు బదులు ఏలువాడు వైస్రాయి. 'వైస్ వెర్సా'లో నున్నదియు నిదియే. కావున వి.సి. యనగా ఛాన్సలరు స్థానమున పనిచేయువారు. నాయబు తహసీలుదారును ఎరిగిన హైదరాబాదు వారికి ఇది క్రొత్త భావము కాదు. అరబ్బీ 'నాయబు'నకు సరిగా నిదే యర్థము. 1919లో ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమమున బోధన మొదలిడినప్పుడు, శాస్త్రపదములను సమకూర్చిన దారుల్ తర్జుమా పండితులు అరబ్బీ పారసీ ధాతువులనే ఎక్కువగా ఆశ్రయించిరి.

మన 'ఉప' కొంచెము వేరు. అది సామీప్యమును, దిగువ మెట్టును సూచించునే గాని 'బదులు' అని స్పష్టముగా చెప్పదు. అందుచే ఉపకులపతి రెండవవారనియు, పెత్తనము వేరొకరిదనియు కొందరు తలంతురు. సాధారణముగా రాష్ట్ర గవర్నరు కులపతి; నిత్యపరిపాలన ఉపకులపతిదే. మా యెరుకలోని విద్యార్థి యొకడు, వేరొక ఊరి విశ్వవిద్యాలయమున, రెండవవారికేల యని తన విన్నపమును నేరుగా కులపతికే పంపుకొనెను. అది తిరిగి తిరిగి ఉపకులపతి కచేరికే చేరెను. అప్పటికి పరీక్షరుసుము గడువు దాటినది. ఒక సంవత్సరము పోయినది.

ప్రో వైస్ ఛాన్సలరను మరియొక హోదాయు కొన్నిచోట్ల కలదు. 'ప్రో'కును 'పక్షమున, బదులుగా' అనియే యర్థము. బదులునకు బదులన్నమాట!

ఇక ఛాన్సలరు. లాటిన్‌లో 'కాంకెల్లి' యనగా జాలకపు అడ్డుకట్టు. రోమను న్యాయస్థానమున దానికడ నిలుచు ద్వారపాలకుడు 'కాంకెల్లారియస్'. వ్రాతపై అడ్డుగీతలు గీసి కొట్టివేయుటను 'క్యాన్సిల్' అనుటయు ఆ జాలకపు పోలికవలననే. తార్ అనగా తీగె, నాకా అనగా కావలి చౌకి. పూర్వమొక తోటకు తీగెకంచెయు కావలియు నుండుటచే తార్నాకకు ఆ పేరు వచ్చెనని చెప్పుదురు.

ఇదంతయు విని బాలుడు, "అయితే మా బడి గేటుకడ కూర్చుండు తాతయు ఛాన్సలరేనా?" యని యడిగెను. లాటిన్ ప్రకారము కాదనుటకు మాకు దారి కనబడలేదు.