చలి లేక పూయని గోధుమ

గోధుమలో రెండు తెగలు కలవు: వసంత గోధుమ, శీతకాలపు గోధుమ. చలిదేశములలో శీతకాలపు గోధుమను శరదృతువున విత్తుదురు. అది మొలకెత్తి, మంచు క్రింద చలికాలమును గడిపి, మరుసటి వేసవికి కంకి వేయును. అదే గింజను వసంతమున విత్తినచో ఆకులు, పిలకలు విరివిగా వచ్చును గాని సకాలమున కంకి రాదు. నీరు, ఎరువు, ఎండ సమృద్ధిగా నున్నను ఫలితముండదు. ఆ మొక్కకు కొరవడినది చలి.

1918లో జర్మన్ శాస్త్రజ్ఞుడు గాస్నర్ ఈ విషయమును వివరించెను. శీతకాలపు రై ధాన్యపు మొలకలను మొదట కొన్ని వారములు చలిలో నుంచి వసంతమున నాటినచో, అవి ఆ వేసవియందే పూచును. ఇట్లు చలిచేత మొక్కను పూతకు సిద్ధపరచుటను వెర్నలైజేషన్ అందురు. ఇందుకు సామాన్యముగా 0 నుండి 10 డిగ్రీల సెంటీగ్రేడు చలి కొన్ని వారములు కావలయును. పొడి గింజను చల్లబరచినందున ప్రయోజనము లేదు. నీరు పీల్చి, జీవక్రియలు మొదలైన గింజయే చలిని గ్రహింపగలదు. ఎదిగిన మొక్కలో దానిని గ్రహించునది కాండపు కొనభాగము. చలి పూవును వెంటనే పుట్టింపదు. పూయుటకు అర్హత మాత్రమే కలిగించును.

ఈ అర్హత సంతతికి సంక్రమించునా? సంక్రమించుననియు, శీతకాలపు గోధుమను శాశ్వతముగా వసంత గోధుమగా మార్చవచ్చుననియు సోవియట్ రష్యాలో లైసెంకో వాదించెను. ప్రభుత్వము అతనిని ఆదరించెను. అతని సిద్ధాంతములను వ్యతిరేకించిన వృక్షశాస్త్రజ్ఞుడు వవిలోవ్ 1940లో నిర్బంధింపబడి, 1943లో సరాటోవ్ చెరసాలలో మరణించెను.

ప్రకృతి యిచ్చిన సమాధానము వేరు. ఆవ కుటుంబమునకు చెందిన ఆరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో ఎఫ్.ఎల్.సి. అను జన్యువు పూతను అడ్డగించునని 1999లో తెలిసినది. చలిలో ఆ జన్యువు క్రమముగా అణగిపోవును. తరువాత వెచ్చదనము వచ్చి కణములు ఎన్నిసార్లు విభజన చెందినను అది అణగియే యుండును. కనుకనే మొక్క గడచిన చలిని మరువదు. కాని క్రొత్త విత్తనము రూపొందునపుడు ఆ జన్యువు తిరిగి మేల్కొనును. ప్రతి తరమును తన చలికాలమును తానే గడపవలెను. గోధుమలో పనిచేయు జన్యువులు వేరైనను, అందును ఇదే నియమము.

మన దేశమున నవంబరు ప్రాంతమున విత్తు గోధుమ చలిరోజులలో పెరుగును. అంతమాత్రమున అది శీతకాలపు గోధుమ యని భ్రమపడరాదు. అందులో అధికభాగము దీర్ఘమైన చలి అక్కరలేని వసంత తెగయే. తెగను నిర్ణయించునది విత్తిన నెల కాదు, ఆ విత్తనము కోరు చలి.