అధికారము – ఆహ్వానము

ఫ్రీమేసనుల విద్యాగోష్ఠులలో అమెరికాలోని ‘సొసైటాస్ రోసిక్రూసియానా’ యొకటి. దీని ఉన్నతమండలి 1880లో ఏర్పడినది. ‘మాస్టర్ మేసను’ పదవి నందిన క్రైస్తవుడు, అదియు ఆహ్వానితుడైననే, ఇందు ప్రవేశింపగలడు. ‘కాలేజి’ యనబడు ఒక్కొక్క శాఖకు 72 మందియే పరిమితి. లాటిను భాషలో నొక ధ్యేయవాక్యమును స్వీకరించుట, సభలో వ్యాసమును సమర్పించుట సభ్యుల ఆచారములు.

సోపానములు తొమ్మిది, వర్గములు మూడు. జెలేటర్, థియోరికస్, ప్రాక్టికస్, ఫిలాసఫస్ అను నాలుగును మొదటి వర్గము. ‘అడెప్టస్’ అను పేరు గల మూడును రెండవది. మాజిస్టర్, మేగస్ అను రెండును మూడవది. ‘అడెప్టస్’ అనగా లాటినులో ‘పొందినవాడు’. మన ‘సిద్ధ’ శబ్దముతో దీనిని సమీకరించుట తగదు. సిద్ధత్వము సాధనఫలము, ఇది సభవారు క్రమముగా నొసగు పదవి.

మీమాంసకులు అధికారికి అర్థిత్వము, సామర్థ్యము, విద్వత్త అను లక్షణములను చెప్పిరి. ఆహ్వానము ఈ లక్షణములను కలిగింపజాలదు. ఉన్నవని యితరులు తలచినట్లు మాత్రమే తెలుపును. సోపానము సభలోని స్థానమును సూచించును. విద్వత్తను నిరూపించునది వ్యాసమే. కావున ఈ సంఘమును పరిశీలింపగోరువారు బిరుదుల పట్టికకంటె ముందు సభ్యుల వ్యాసములను చదువవలెను.